మా లాబ్రడార్ బరువు పెరిగిపోతోంది, ఏం చేయాలండీ?

ప్రశ్న (రాజోలు):
మా బంటికి ఆరేళ్లు, 41 కిలోలున్నాడు. ఇంట్లో ఎవరు తింటున్నా వాడి వాటా వాడికి పడాల్సిందే. నాన్నగారు పెరుగన్నం, అమ్మ చేపల పులుసు కలిపిన అన్నం, పిల్లలు కాజాలు పెడతారు. ఈమధ్య అరుగు ఎక్కినా ఆయాసపడుతున్నాడు. సాయంత్రం కాలవ గట్టున తిప్పితే వరిచేలో దిగిపోతాడు. వీళ్ల ఆయుష్షు పది పన్నెండేళ్లే అంటుంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు (పాలకొల్లు):
ఆయాసం అన్నారు కాబట్టి ముందు డాక్టరుగారికి గుండె చూపించండి. ఆ తర్వాత తిండి తగ్గించండి. అమెరికాలో 48 లాబ్రడార్లను పుట్టిన కొత్తలోనే, ఒకే ఈత పిల్లల్ని జతలుగా విడదీసి పెంచారు. జతలో ఒకదానికి రెండోదాని కన్నా 25 శాతం తక్కువ తిండి, జీవితాంతం. 2002లో ఫలితాలు అచ్చయ్యాయి: తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల నొప్పులూ ఆలస్యంగా వచ్చాయి. మందుల్లేవు, టానిక్కుల్లేవు, కొలిచి పెట్టడమే!

పక్కటెముకల మీద చెయ్యి వేసి చూడండి. గట్టిగా నొక్కకుండానే ఎముకలు చేతికి తగలాలి. మా రాణికి పన్నెండో ఏడు, ఇప్పటికీ గిన్నె కొలిచే పెడతాను. ఖాళీ గిన్నె దగ్గర కూర్చుని అది చూసే చూపుకి ప్రాణం ఉసూరుమంటుంది, అయినా ఇంకో ముద్ద వెయ్యను. కాజాలు పూర్తిగా మానిపించండి. పులుసులో ఉల్లిపాయ కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. చేప పెట్టాలనుంటే ఉప్పూకారం లేకుండా ఉడకబెట్టి, ముల్లు తీసి కాస్త పెట్టండి.

జవాబు (భీమవరం):
చేలో దిగుతాడన్నారు, అది వదిలెయ్యకండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది. కాలేయం, కిడ్నీలు పాడవుతాయి, మనుషులకూ సోకుతుంది. రేబిస్ టీకాతో పాటు దీని టీకా కూడా ఏటా అడిగి వేయించండి. ఇంటికి రాగానే చెవుల వెనక, వేళ్ల సందుల్లో పిడుదులు వెతకండి. దోమల వల్ల వచ్చే గుండెపురుగు గురించి కూడా అడగండి. పరీక్ష చేసి నెలనెలా వేసే మాత్ర రాస్తారు.

ప్రశ్న అడిగినవారు (రాజోలు):
చాలా థాంక్సండీ. రేపే తీసుకెళ్తాను. నాన్నగారిని ఒప్పించడమే కష్టం, కంచంలో బంటికి తీసిపెట్టకుండా ముద్ద ఎత్తరు.

జవాబు (పాలకొల్లు):
పెట్టొద్దని చెప్పకండి, బాధపడతారు. రోజుకు సరిపడా తిండి పొద్దున్నే కొలిచి, డబ్బాలో పోసి ఆయన చేతికే ఇవ్వండి. ఎన్నిసార్లు పెట్టుకున్నా అందులోంచే.