పెట్టె మీద సంతకం నిలవడం లేదు, రేపు సాయంత్రమే కచేరీ

కొర్లగుంట వాసి (రాత్రి 7:40)
అన్నలారా, అక్కలారా, మధ్యాహ్నం మూడు నుంచి ఇదే పని. పెట్టె మీద మార్కరుతో రాస్తే గీత కలవకుండా ఆవగింజల మాదిరి చుక్కలు చుక్కలుగా విడిపోతా ఉంది. పది నిమిషాలు ఆగి తాకితే అంతా వేలికే వస్తా ఉంది. జెల్ పెన్ను అసలు పడడమే లేదు. ఇప్పటికి మూడు రకాలు కొన్నా. రేపు సాయంత్రం ఒక పెద్ద విద్వాంసుడి పాట కచేరీ. మా నాయనకు ఆయన పాటంటే ప్రాణం, ఆ పెట్టె మీదే సంతకం కావాలని పట్టు పట్టినాడు. ఏ పెన్ను నిలుస్తుందో ఒక్క ముక్క చెప్పండి, గాంధీ రోడ్డులో అంగళ్ళు మూసే లోపల పోయి తెచ్చుకుంటా.

తంబుర తీగ (7:52)
కచేరీ తిరుమల కొండ మీదా, కింద తిరుపతిలోనా? ముందు అది చెప్పాల. కొండ మీద నాదనీరాజనం అయితే గుడి ఎదురుగా వేదిక, ఎస్వీబీసీ టీవీలో ప్రత్యక్ష ప్రసారం. కచేరీ నడిచేటప్పుడు వేదిక దగ్గరికి పోయే ఆలోచనే పెట్టుకోవద్దు. అలిపిరిలో సామాను తనిఖీకి పట్టే టైము కూడా లెక్క వేసుకోవాల. కింద మహతి ఆడిటోరియంలోనో అన్నమాచార్య కళామందిరంలోనో అయితే వేరే లెక్క.

పాత రికార్డులు (7:58)
క్యాసెట్ పెట్టె మీద సంతకం ఎప్పుడూ పెట్టించకండి. ఆ ప్లాస్టిక్ గీతలు పడుతుంది, పగులుతుంది, పగిలిన రోజు సంతకం కూడా పోయినట్టే. లోపలి అట్టముక్క బయటికి తీసి దాని మీద పెట్టించాలి. అట్ట నున్నగా మెరుస్తుంటే పర్మనెంట్ మార్కర్, మెరుపు లేకుండా ఉంటే పిగ్మెంట్ ఇంకు పెన్ను. మెరుపు లేని కాగితం మీద పర్మనెంట్ మార్కర్ వాడితే ఇంకు అవతలి పక్కకు దిగుతుంది, కొన్నేళ్ళకు గీత చుట్టూ పసుపు మచ్చ తేలుతుంది.

ఎల్పీ అయితే సంతకానికి ముందు రికార్డును అట్ట సంచిలోంచి తీసేయాలి. లోపల రికార్డు ఉండగా బాల్ పెన్ను నొక్కి రాస్తే ఆ ఒత్తిడి గాడుల మీద పడుతుంది. రికార్డు స్థానంలో మందపాటి అట్ట పెట్టండి. సీడీ అయితే పేరు ఉండే వైపు కూడా ముట్టుకోవద్దు. పాట ఉండే పొర ఆ పైపక్కనే, పలుచటి పూత కింద ఉంటుంది. మొనదేలిన పెన్నుతో గీస్తే ట్రాక్ ఎగిరిపోతుంది. సంతకం ఆరాక పీవీసీ కవర్లో పెట్టకండి. అందులోని మెత్తదనం కోసం కలిపే నూనె ఇంకును మెల్లగా లాగేస్తుంది. పాలీప్రొపిలీన్ కవరు గానీ మామూలు బటర్ పేపరు గానీ మేలు.

లక్క పాలిష్ (8:03)
ఏం పెట్టె? చెక్కా, ప్లాస్టికా? ఫోటో పెట్టు.

కొర్లగుంట వాసి (8:09)
శృతి పెట్టె అన్నా. సంగీతం గుంపులో పెట్టె అంటే అదే కదా అనుకున్నా. పాటకు ఆధార స్వరం పట్టేది. చెక్కదే, తిత్తితో ఊదేది, కరెంటుది కాదు. ముదురు ఎరుపు పాలిష్, పాతది. కచేరీ కిందనే, మహతిలో. ఆయన పేరు మాత్రం ఇక్కడ రాయను. 80 దాటిన మనిషి, జనం ఎగబడితే తట్టుకోలేరు.

భాషాభిమాని (8:14)
శృతి కాదు, శ్రుతి. ‘శ్రు’ అంటే వినడం, ఆ ధాతువు నుంచి వచ్చిన మాట. శ్రోత, శ్రవణం అన్నీ అక్కడివే. శ్రోతను శృోత అని రాయం కదా. సంగీతం గుంపులోనే ఈ తప్పు రోజూ కనబడితే కష్టంగా ఉంటుంది. అలాగే సంతకానికి చేవ్రాలు అన్న చక్కని మాట ఉంది.

లక్క పాలిష్ (8:16)
పాత చెక్క పెట్టె, ముదురు ఎరుపు అంటే చాలావరకు లక్క పాలిష్ అయ్యుంటుంది. తేల్చుకోవడం ఇలా. పెట్టె అడుగున, కనబడని చోట, దూది పుల్లతో ఒక్క చుక్క సర్జికల్ స్పిరిట్ పెట్టు. పదిహేను ఇరవై సెకన్లు ఆగి వేలితో తాకు. బంకగా అంటుకుంటే లక్క. ఏమీ కాకపోతే మెలమైన్ లాంటి కొత్తరకం పూత. లక్క అయితే పర్మనెంట్ మార్కర్ వద్దే వద్దు. ఆ ఇంకులో ఉండేది స్పిరిట్ జాతి ద్రావకమే. లక్కను కరిగించి లోపలికి దిగుతుంది, గీత అంచులు పాకుతాయి, తుడవబోతే పాలిష్‌తో సహా లేస్తుంది. చేతికి శానిటైజర్ పూసుకుని ఆరకముందే ఆ పెట్టె పట్టుకున్నా మచ్చే.

కానీ నువ్వు చెప్పింది పాకడం కాదు, చుక్కలుగా విడిపోవడం. అది పాలిష్ తప్పు కాదు, పైన ఏదో జిడ్డు ఉంది. ఏం పూస్తారు దానికి?

కొర్లగుంట వాసి (8:21)
ఏమీ పూయం. శుక్రవారం శుక్రవారం కొబ్బరినూనె గుడ్డతో తుడుస్తాం, అంతే. సరస్వతీ పూజకు పసుపు, కుంకుమ బొట్లు. అందరి ఇళ్ళలో చేసేదే కదా.

లక్క పాలిష్ (8:22)
అదే రోగం. పెన్నుది కాదు.

చెక్కపని తిరుచానూరు (8:30)
400 నంబరు ఉప్పుకాగితం రెండు రుద్దులు రుద్దితే ఏ పెన్నయినా పడుతుంది.

లక్క పాలిష్ (8:38)
పడుతుంది, బొమ్మ చెడుతుంది. పాత లక్క పూత కాగితమంత పలుచన. రెండు రుద్దులకే చెక్క బయటపడితే ఇంకు నారల వెంట పారుతుంది, అక్షరం ఈకల మాదిరి తయారవుతుంది. అరచేతి మేర తెల్లమచ్చ కూడా మిగులుతుంది. ఉప్పుకాగితం వద్దు.

ఈ రాత్రే చేయాల్సింది. పెయింట్ అంగట్లో మినరల్ టర్పెంటైన్ చిన్న సీసా దొరుకుతుంది. థిన్నర్ ఇస్తే తీసుకోవద్దు, థిన్నర్ పాలిష్‌ను తినేస్తుంది. మెత్తటి పాత నూలుగుడ్డకు టర్పెంటైన్ తడి మాత్రం తగిలించి, సంతకం కావాల్సిన జానెడు చోటు మూడుసార్లు తుడువు, ప్రతిసారీ గుడ్డలో కొత్త భాగంతో. టర్పెంటైన్ నూనెను లాగుతుంది, ఆరిన లక్కను ముట్టుకోదు. గుడ్డకు పసుపు రంగు రావడం ఆగేదాకా చెయ్యి. తర్వాత గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క కలిపిన నీళ్ళలో గుడ్డ ముంచి, గట్టిగా పిండి, ఒక్కసారి తుడిచి వెంటనే పొడిగుడ్డ వెయ్యి. నీళ్ళు నిలిస్తే లక్క తెల్లబడుతుంది. గాలి పోయే కంతలకు ముందే కాగితం టేపు అంటించు, తడి లోపల స్వరం పలికే రీడ్ల మీదికి పోకూడదు. దేవుడి గదిలో దీపం దగ్గర మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. గుడ్డను బయట ఆరబెట్టు, ఉండ చుట్టి మూల పడేయొద్దు. తెల్లారేదాకా పెట్టెను గాలికి వదిలెయ్యి.

పెన్ను సంగతి: నీళ్ళ ఆధారం ఉన్న అక్రిలిక్ పెయింట్ మార్కర్. ముదురు ఎరుపు మీద బంగారు రంగు గానీ తెలుపు గానీ. నూనె ఆధారంగా చేసిన పెయింట్ మార్కర్ ఇంకా గట్టిగా నిలుస్తుంది, కానీ దాని ఘాటు వాసన మామూలుది కాదు. రెండు గంటలు పాడిన గొంతు ముందు దాని మూత తీయకూడదు.

వీణ ఇల్లు (8:45)
ఇంతసేపు అందరూ పెన్ను గురించే మాట్లాడుతున్నారు. శ్రుతి పెట్టె కూడా వాద్యమే. సరస్వతి అని బొట్టు పెట్టి, దాని మీదే రాతలు రాయించడం నాకు సరిగా అనిపించడం లేదు. కాగితం మీద పెట్టించుకుని పటం కట్టించుకోవచ్చు కదా.

పాత రికార్డులు (8:51)
విద్వాంసుడి చేతిరాత వాద్యానికి అపచారం ఎలా అవుతుందండీ? పెద్దాయన కోరిక అది.

వీణ ఇల్లు (8:55)
కోరికను తప్పు పట్టలేదు. పెట్టె మూత తెరిస్తే రీడ్ల మీద దుమ్ము పడుతుంది, ఆ గందరగోళంలో కింద పడితే తిత్తి తోలు చిట్లుతుంది. వేదిక పక్క తొక్కిసలాటలోకి పాత వాద్యాన్ని తీసుకుపోవడమే నాకు భయం.

తంబుర తీగ (9:02)
ముద్ర గురించి ఒక మాట. మన వాగ్గేయకారులు సంతకాన్ని పాటలోనే పెట్టారు. త్యాగరాజస్వామికి తన పేరే, దీక్షితులకు గురుగుహ, శ్యామశాస్త్రికి శ్యామకృష్ణ, అన్నమయ్యకు వేంకటేశుడు. అన్నమయ్య పాటలు రాగిరేకుల మీద చెక్కబట్టే 1922లో బయటపడేదాకా నిలిచాయి. లోహం మీద గీసింది పోదు. ఇక్కడా అదే దారి ఉంది. ఆయన చేత మంచి తెల్లకాగితం మీద నల్ల ఇంకుతో సంతకం పెట్టించండి. స్టీలు పాత్రల మీద పేర్లు కొట్టేవాళ్ళ దగ్గరికి ఆ కాగితం జిరాక్స్ తీసుకుపోతే, కార్బన్ పేపరుతో ఇత్తడి రేకు మీదికి దించి మిషనుతో గీసి ఇస్తారు. మూడంగుళాల పొడవు, అంగుళంన్నర వెడల్పు చాలు. అసలు కాగితం ఇంట్లో భద్రం, పెట్టె మీద రేకు.

లక్క పాలిష్ (9:10)
మంచి ఆలోచనే. ఒక జాగ్రత్త. ఆ రేకును రెండు మూలల మేకులతో బిగిస్తే శ్రుతి వేసినప్పుడల్లా జివ్వుమని మోగుతుంది. షడ్జమం, అంటే ‘స’ స్వరం, ఆగకుండా మోగే పెట్టె కదా, వదులుగా ఉన్నదేదైనా దానితో పాటు వణుకుతుంది. రేకు వెనక మొత్తం ఎపాక్సీ జిగురు పలుచగా పూసి, రేకు బయటికి అర అంగుళం దాకా చుట్టూ నూనె లేకుండా తుడిచిన చోట అంటించాలి. 24 గంటలు పైన బరువు ఉంచాలి. పెట్టెకు ఊగని భాగం మీద అంటించు. తిత్తి తట్టే పలక మీద వద్దు, బరువు పెరిగితే గాలి తీరు మారుతుంది.

పలమనేరు శ్రోత (9:24)
పెన్ను తేలింది, మనిషిని కలవడం ఎట్లనో ఎవరూ చెప్పలేదు. అసలు చెడేది అక్కడే.

కచేరీకి ముందు పోవద్దు. చివరి అరగంట శ్రుతి చూసుకోవడానికీ, పక్కవాద్యాల వాళ్ళతో ఏ పాట ఏ వరుసలో అని అనుకోవడానికీ పోతుంది. అప్పుడు నోరు విప్పించడమే గాయకుడికి ఇబ్బంది. మంగళం అయ్యాక పోవాలి, కానీ పరుగెత్తొద్దు. రెండు గంటలు బాసింపట్టు వేసి కూర్చున్న 80 ఏళ్ళ కాళ్ళు వెంటనే లేవవు. లేచేటప్పుడు ఎవరైనా పాదాలకు అడ్డం పడితే తూలిపోతారు. ఆయన కుర్చీలో కూర్చునేదాకా దూరంగా ఉండండి, నమస్కారం అప్పుడు.

ఎవరిని అడగాలి? నిర్వాహకులను కాదు. వాళ్ళకు శాలువా, జ్ఞాపిక, ఫోటోల హడావిడి. వెనక కూర్చుని తంబుర వేసిన శిష్యుడో శిష్యురాలో ఉంటారు. గురువుగారికి మందు ఎప్పుడు, విశ్రాంతి ఎప్పుడు, కారు ఎప్పుడు, అన్నీ వాళ్ళకే తెలుసు. కచేరీకి ముందే వాళ్ళతో ఒక్క నిమిషం: “మా నాయనగారు వచ్చారు, శ్రుతి పెట్టె మీద ఒక్క సంతకం, వీలైతేనే.” ఆ “వీలైతేనే” అన్న మాట మనస్ఫూర్తిగా అనాలి. సరే అంటే ఎక్కడ నిలబడాలో వాళ్ళే చెబుతారు.

నాయనను మాట్లాడనివ్వండి, మీరు పెట్టె పట్టుకోండి. ఆయనతో చెప్పడానికి రెండు వాక్యాలు చాలు. “మీ అభిమానిని” అంటే ఆయనకు జవాబు దొరకదు. ఆ రోజు పాడిన రాగంలో ఏ సంగతి మనసుకు తగిలిందో చెబితే ముఖం విప్పారుతుంది. చల్లటి నీళ్ళూ, కోవా స్వీట్లూ చేతిలో పెట్టకండి.

ఇంకొకటి, వయసు వల్ల చెయ్యి వణికితే సన్నమొన పెన్ను గీక్కుపోతుంది. మొన గుండ్రంగా రెండు మూడు మిల్లీమీటర్లు ఉన్నది కొనండి, పట్టుకోవడానికి ఒళ్ళు లావుగా ఉన్నది. పెట్టెను ఆయన ఒడి ఎత్తుకు, కాస్త వాలుగా, కదలకుండా పట్టుకోవాలి. నిలబడి గాలిలో పట్టుకుంటే సంతకం సగంలోనే జారుతుంది.

లక్క పాలిష్ (9:31)
పై మాటకు కలుపుకో. పెయింట్ మార్కర్ కొన్నది కొన్నట్టు రాయదు. మూత పెట్టి నిమిషంపాటు బాగా ఊపు. చిత్తుకాగితం మీద మొనను పది పదిహేనుసార్లు నిలువుగా నొక్కితే రంగు దిగుతుంది. ఆ నొక్కేది పెట్టె మీద చేస్తే బొట్టు పడుతుంది. ఇంట్లో ఒకసారి, ఆయన దగ్గరికి పోయే ముందు ఇంకోసారి, కాగితం మీద మూడు గీతలు సాఫీగా వచ్చాక మూత తీసి చేతికియ్యి. రేపు పొద్దున అడుగున ఒక గీత గీసి, అరగంట ఆగి, బొటనవేలితో రుద్ది చూడు. నిలిస్తే పైన కూడా నిలుస్తుంది.

సంతకం అయ్యాక పది నిమిషాలు ఎవరూ ముట్టుకోకూడదు. గుడ్డ సంచిలో దూర్చొద్దు, ఆ రాపిడికే పోతుంది. స్వీట్ బాక్స్ మూత బోర్లించి, నాలుగు పక్కలా సంతకానికి దూరంగా టేపు వేసుకుని ఇంటికి తీసుకురా. మూడో రోజు మైనం పాలిష్ పలుచగా, రుద్దకుండా. దాని మీద లక్క కుంచెతో వేయించొద్దు, లక్కలో ఉండే స్పిరిట్ అక్రిలిక్‌ను మెత్తబరుస్తుంది. ఇక ఆ జానెడు చోట కొబ్బరినూనె బంద్.

భాషాభిమాని (9:40)
“బంద్” కన్నా “మానేయండి” అనవచ్చు. పైన ఒకరు “తంబుర” అని రాశారు, “తంబూరా” కూడా వాడుకలో ఉంది, రెండూ సరే. శృతి మాత్రం సరి కాదు.

పాత రికార్డులు (9:44)
పాటల పుస్తకాల్లోనే రెండు రకాలుగా అచ్చవుతోంది కదండీ.

భాషాభిమాని (9:47)
అచ్చయినంత మాత్రాన ధాతువు మారదు.

చెక్కపని తిరుచానూరు (9:50)
టర్పెంటైన్ మాట సరే. నా ఉప్పుకాగితం మెలమైన్ పూతకు మాత్రం పనికొస్తుంది, లక్కకు కాదు, ఒప్పుకుంటా.

కొర్లగుంట వాసి (మరుసటి రోజు, మధ్యాహ్నం 3:35)
స్పిరిట్ చుక్క పెడితే బంకగా అయింది, లక్కే. గుడ్డకు పసుపు ఆరుసార్లు వచ్చింది. అడుగున బంగారు రంగు గీత నిలిచింది, గోరుతో గీకినా రాలేదు. తెల్లకాగితం, నల్ల పెన్ను కూడా పెట్టుకున్నా, పెట్టె కుదరకపోతే రేకు చేయిస్తా. నాయన పంచె కట్టుకుని అప్పుడే గేటు దగ్గర నిలబడినాడు. అందరికీ దండాలు.

పలమనేరు శ్రోత (3:41)
తంబుర వేసేవాళ్ళను ముందే అడగండి, మరవొద్దు.

గుడిపాల (రాత్రి 10:15)
చిత్తూరులో ఇత్తడి రేకు మీద చేతిరాతను ఉన్నదున్నట్టు గీసిచ్చేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? పాత్రల అంగళ్ళలో అచ్చు అక్షరాలే కొడతాం అంటున్నారు.