హైదరాబాద్ మెట్రోలోకి సైకిల్‌ను రానివ్వాలా, వద్దా?

మియాపూర్_సవారీ: కొచ్చి మెట్రో 2020లోనే సైకిళ్లను రైల్లోకి రానిచ్చింది, వాటికి విడిగా టికెట్ కూడా లేదు. మన దగ్గర కనీసం ఆదివారం పొద్దున ఒప్పుకుంటే ఏం పోతుంది? రాయదుర్గంలో దిగి, ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల ట్రాక్‌కి తొక్కుకుంటూ వెళ్లిపోవచ్చు. ఇప్పుడేమో జనం అక్కడికి సైకిల్‌ని కారు వెనక కట్టుకుని వస్తున్నారు.

నాగోల్_రెగ్యులర్: మూడు బోగీల బండి బాస్. పొద్దున తొమ్మిదింటికి అమీర్‌పేటలో ఒకసారి రైలు మారి చూడండి. మనిషికే చోటు లేదు.

మియాపూర్_సవారీ: ఆదివారం అన్నాను. కొచ్చిదీ మూడు బోగీలే.

నాగోల్_రెగ్యులర్: కొచ్చి జనం ఎంత, మన జనం ఎంత? ఇవాళ ఆదివారం అంటారు, రేపు రోజూ అంటారు. పోయిన వానాకాలం ఒకాయన బురద అంటిన ట్రాలీ బ్యాగు నా ప్యాంటుకి పూసేసి సారీ కూడా చెప్పలేదు. ఆ రోజు నాకు ఇంటర్వ్యూ.

టీకొట్టు_బ్యాచ్: ఇంటర్వ్యూ ఏమైందన్నా?

నాగోల్_రెగ్యులర్: పోయింది.

స్కేల్_టేపు: బెంగళూరులో చివరి బోగీలో మడత సైకిల్‌కి ఒప్పుకున్నారు, అదీ 2020లోనే. కాకపోతే 60×45×25 సెంటీమీటర్లు దాటకూడదన్నారు. ఇక్కడే తిరకాసు. మడత సైకిల్‌ది 20 అంగుళాల చక్రమైతే, అది దాదాపు 51 సెంటీమీటర్లు. చక్రమే ఆ 45లో పట్టదు, ఫ్రేమ్ ఎక్కడ పెడతారు?

మియాపూర్_సవారీ: టేపు పట్టుకుని ఎవరూ కొలవరు సార్.

స్కేల్_టేపు: కొలవకపోతే రూలు ఎందుకు? 51 అంటే 51.

ఇనుపగుర్రం: నేను హోటల్లో పనిచేస్తాను, చివరి మెట్రోకి ఇంటికొస్తాను. స్టేషన్ నుంచి ఇల్లు నాలుగు కిలోమీటర్లు, ఆ టైమ్‌కి షేర్ ఆటో ఉండదు. సైకిల్ పార్కింగ్‌లో పెడితే పోయింది. అడిగితే, బాధ్యత మాది కాదని స్లిప్ మీద రాసుంది చూసుకోమన్నారు. మళ్లీ ఒక పాత హెర్క్యులస్ కొన్నాను. అది మడతపడాలంటే దాని మీద లారీ ఎక్కాలి.

నాగోల్_రెగ్యులర్: అంటే మీకు కావాల్సింది భద్రమైన స్టాండు, రైల్లో చోటు కాదు.

మియాపూర్_సవారీ: స్టాండు ఎక్కే చోటికే పనికొస్తుంది. దిగాక ఏం తొక్కాలి?

నాగోల్_రెగ్యులర్: దిగాక మీకు ట్రాక్ కావాలి, ఆయనకి ఇల్లు కావాలి. మీ సరదాని ఆయన కష్టం వెనక దాచకండి.

మియాపూర్_సవారీ: మాటలు జాగ్రత్త. ఆఫీసుకి కూడా సైకిల్ మీదే వెళ్తాను. మీకు చోటు గురించి బాధ కాదు, సైకిల్ తొక్కేవాళ్లని చూస్తేనే మంట.

నాగోల్_రెగ్యులర్: మంటే! నేను రోజూ డబ్బులిచ్చి నిలబడి వెళ్తున్నాను. ఇద్దరు నిలబడే చోటు మీకు ఒక్క టికెట్‌కే ఎందుకివ్వాలి? మామూలు రైల్లో సైకిల్‌ని లగేజీగా బుక్ చేస్తే డబ్బు కట్టడం లేదా? ఇక్కడా కట్టండి.

మియాపూర్_సవారీ: కడతాను! ఆ మాట మొదటే అనొచ్చుగా.

స్కేల్_టేపు: ఆదివారానికా, రోజూనా?

ఇనుపగుర్రం: మీరు కడతారు సార్. నాకు రెండు టికెట్లంటే గిట్టుబాటు కాదు. నేనడిగేది స్టాండులో గొలుసు వేసుకోవడానికి గట్టిగా పాతిన ఒక ఇనుప కడ్డీ.

మియాపూర్_సవారీ: దానికి వేరే చర్చ పెట్టుకోండి అన్నా. ఇది రైల్లోకి తీసుకెళ్లడం గురించి.