నాటుకోళ్లు నిపుల్ దగ్గర నీళ్లు తాగడం లేదు

ప్రశ్న: 12 పెద్ద కోళ్లు. 20 లీటర్ల బకెట్ అడుగున 4 నిపుల్స్ (కోడి ముక్కుతో పొడిస్తే చుక్కలుగా నీళ్లు వదిలే చిన్న బిరడాలు) బిగించి వేలాడదీశాను. రెండు రోజులైనా ఒక్కటీ ముట్టట్లేదు, పాత మట్టి మూకుడు దగ్గరికే పోతున్నాయి.

జవాబు: మూకుడు కళ్లెదుట ఉన్నంతసేపూ రావండీ. పొద్దున గూడు తెరిచేముందే తీసేయండి, దాహం బాగా ఉండేది అప్పుడే. నిపుల్ పుల్లను వేలితో కదిపితే కొసన చుక్క మెరుస్తుంది. మెరిసేదాన్ని పొడవడం కోడి బుద్ధి. ఒక్కటి నేర్చిందా, మిగతావి దాన్ని చూసి వస్తాయి.

జవాబు: ఎత్తు చూశారా? నిపుల్ కొస కోడి తలకన్నా కాస్త పైనుండాలి, మెడ చాచి తాగేలా. కిందుంటే పక్కనుంచి పొడిచి నీళ్లు కారుస్తాయి, నేలంతా బురద. బకెట్ మూత బిగుతుగా ఉంటే లోపలికి గాలి పోక చుక్క ఆగిపోతుంది. మూతకు సన్న బెజ్జం పెట్టండి. బోరు నీళ్లు గుడ్డతో వడగట్టి పోయండి, ఇసుక రేణువు ఇరుక్కుంటే నిపుల్ కారుతూనే ఉంటుంది.

జవాబు: నడి వేసవిలో మాత్రం మూకుడు తీసేసి నేర్పే ఈ పని వద్దు. బకెట్ నీడలోనే ఉండాలి, వేడెక్కిన నీళ్లు కోళ్లు సరిగా తాగవు. సాయంత్రం మెడ కింద మేతసంచి తడిమి చూడండి. గట్టి ఉండలా తగిలితే నీళ్లు తాగనట్టే, ఆ పూటకు మూకుడు పెట్టేయండి.