ఒక్క పాప కోసం బడి మొత్తం పల్లీలు మానెయ్యాలా?

ఉప్పల్ నాన్న

మా బాబు మూడో తరగతి. మొన్న డైరీలో ఓ కాగితం అంటించి పంపారు. ఇకమీదట లంచ్ బాక్సులో పల్లీలు, జీడిపప్పు, బాదం, వాటితో చేసినవి ఏవీ పెట్టకూడదట. పుట్టినరోజుకి చాక్లెట్లు కూడా పంచకూడదట. వాడి తరగతిలో కొత్తగా చేరిన ఒక పాపకి పల్లీలు పడవు. పడకపోవడమంటే ఒళ్ళు దురద పెట్టడం కాదు, ఊపిరి ఆగేదాకా వెళ్తుందని క్లాస్ టీచర్ చెప్పారు.

పాప మీద జాలి లేక రాయడం లేదు. మేమిద్దరం పొద్దున ఏడింటికల్లా ఇంట్లోంచి బయటపడేవాళ్ళం. మాది శాకాహారం, గుడ్డు కూడా లేదు. వాడు బాక్సులో తినేవే నాలుగు: ఇడ్లీ పల్లీ చట్నీ, పులిహోర, పల్లీపొడి అన్నం, చపాతీ. అందులో మూడు పోయాయి. సరే, నేను మానేస్తాను. నర్సరీ నుంచి పదో తరగతి దాకా ఉన్న అన్ని ఇళ్ళలోనూ పోపులో గుప్పెడు గుళ్ళు పడకుండా ఎవరు చూస్తారు? బాక్సులు మూత తీసి వాసన చూస్తారా? ఇది నిజంగా పాపని కాపాడే నియమమేనా, లేక రేపేదైనా జరిగితే "మేం ముందే చెప్పాం" అనడానికా?

నల్లకుంట చెల్లె

అన్నా, పల్లీలు లేకుంటే పుట్నాల చట్నీ చెయ్యి. కొబ్బరి చట్నీ చెయ్యి. పులిహోరల శనగపప్పు, మినప్పప్పు ఇంకో చెంచెడు ఎక్కువెయ్యి. మా ఇంట్ల కూడ పల్లీలు లేంది పూట గడవది, బతుకమ్మకు సత్తుపిండి సుత పల్లీలతోనే చేస్తం. స్కూలుకు ఒక్క పూటనే కద అన్నా. గా పిల్ల పానం కన్న నీ పల్లీపొడి ఎక్కువనా?

బెజవాడ బుల్లోడు

మేం చదివిన బడిలో ఒక్కడికీ ఈ జబ్బు లేదు. ఇంటర్వెల్లో గేటు దగ్గర ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పొట్లాం కట్టించుకుని తినే పెరిగాం. ఇవన్నీ మట్టి తగలకుండా పెంచడం వల్ల వచ్చిన అమెరికా రోగాలు. రోజూ కాస్త కాస్త తినిపిస్తే అదే అలవాటు పడుతుంది. ఇవాళ పల్లీలు అన్నారు, రేపు పాలు పడనివాళ్ళొస్తారు, ఎల్లుండి గోధుమలు. అంత ప్రమాదమైతే ఆ పిల్లని ఇంట్లోనే చదివించుకోవచ్చుగా?

పిల్లల డాక్టర్, హన్మకొండ

బెజవాడ గారూ, "కాస్త కాస్త తినిపిస్తే" అన్నది చదివి ఎవరూ ఇంట్లో మొదలుపెట్టకండి, దండం పెడతాను. అందులో కొంత నిజం ఉంది కాబట్టే భయం. 2015లో లండన్ నుంచి లీప్ అనే పరిశోధన ఫలితాలు వచ్చాయి. ఎలర్జీ వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న 640 మంది పసిపిల్లల్ని తీసుకుని, సగం మందికి 4 నుంచి 11 నెలల వయసులోనే పల్లీలు మొదలుపెట్టారు. మిగతా సగానికి ఐదేళ్ళదాకా పెట్టలేదు. తిన్నవాళ్ళలో పల్లీల ఎలర్జీ చాలా తక్కువ మందికి వచ్చింది. (మెత్తగా చేసి పెట్టారు. పసివాళ్ళకి గుళ్ళు పెడితే గొంతుకడ్డం పడతాయి.) అంటే రాకుండా ఆపడానికి అది పనికొచ్చింది. వచ్చేసిన బిడ్డకి తినిపించి అలవాటు చెయ్యడం పూర్తిగా వేరు. అది మిల్లీగ్రాముల లెక్కన, డాక్టర్ల కళ్ళ ముందు మొదలుపెట్టే పని.

మన దగ్గర తిండి ఎలర్జీలు పాశ్చాత్య దేశాలకన్నా తక్కువే, అది ఒప్పుకుంటాను. తక్కువ కాబట్టే ఎవరూ గుర్తుపట్టరు. అన్నం తిన్న కాసేపటికి ఒళ్ళంతా దద్దుర్లు, పెదాలు వాపు, వాంతి, గొంతు బొంగురు, పిల్లికూతలు, ఆ తర్వాత పిల్ల సొమ్మసిల్లడం. చాలా ఊళ్ళలో దీనికి ఆర్‌ఎంపీ ఇచ్చేది అవిల్ (దురద తగ్గించే మందు), డెకడ్రాన్ (స్టెరాయిడ్). దురద తగ్గుతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. గొంతు వాపునీ, పడిపోతున్న బీపీనీ ఆపేది మాత్రం తొడలో ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ ఒక్కటే. అదీ వెంటనే.

ఉప్పల్ గారూ, మీరడిగినదానికి రెండు ముక్కలు. వాసనకి భయపడక్కర్లేదు. పల్లీలు పడని 30 మంది పిల్లల ముక్కు దగ్గర పల్లీల వెన్న పెట్టి చూశారు, ఒక్కరికీ ఒంటినిండా వ్యాపించే తీవ్రమైన రియాక్షన్ రాలేదు. ప్రమాదం నోట్లోకి పోతేనే. రెండోది చేతులు. శానిటైజర్ రాసుకుంటే పల్లీల ప్రొటీన్ పోదు, సబ్బూ నీళ్ళూ కావాలి. మన బడుల్లో కోవిడ్ తర్వాత సబ్బు పోయి శానిటైజర్ సీసా మిగిలింది. సర్క్యులర్‌లో చేతులు కడగడం గురించి ఒక్క ముక్కైనా ఉందా?

ఉప్పల్ నాన్న

లేదండి. బాక్సుల గురించే.

ఫ్రిస్కో అమ్మ

టెక్సస్ నుంచి. మా వాడికి జీడిపప్పు, పిస్తా పడవు. ఇక్కడ 1973 నాటి పునరావాస చట్టంలో 504 అనే సెక్షన్ ఉంది. దాని కింద బడితో కూర్చుని కాగితం రాసుకుంటాం: మందు ఎక్కడుంటుంది, బస్సులో ఎవరి బాధ్యత, ఫీల్డ్ ట్రిప్‌కి ఎవరు మోస్తారు, సబ్‌స్టిట్యూట్ టీచర్‌కి ఎవరు చెప్తారు. బడి మొత్తానికీ నిషేధం కావాలని నేను అడగలేదు. మసాచుసెట్స్ బడుల లెక్కలు తీసి 2017లో ఒక పేపరు వేశారు. పల్లీలు నిషేధించిన బడుల్లోనూ, నిషేధించని వాటిలోనూ ఎపిపెన్ (అడ్రినలిన్ నింపి ఉంచిన, పెన్ను లాంటి సూది) వాడాల్సి వచ్చిన సందర్భాలు ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. విడిగా పల్లీల్లేని బల్ల వేసిన చోట మాత్రం తక్కువ. నిషేధం ఉందంటే టీచర్లకీ పిల్లలకీ ఒక ధీమా వస్తుంది, ఆ ధీమాతోనే పక్కవాడి బిస్కెట్ తింటారు.

ఇక్కడ అంతా బ్రహ్మాండంగా ఉందనుకోకండి. 2016లో రెండు ఎపిపెన్‌ల ప్యాకెట్ ధర 600 డాలర్లు దాటింది, అప్పట్లో ఇక్కడ పెద్ద గొడవే జరిగింది. 2023 జనవరి నుంచి నువ్వుల్ని తొమ్మిదో ఎలర్జెన్‌గా (ఎలర్జీ తెచ్చే పదార్థంగా) లేబుల్ మీద వేయాలన్నారు. వేరు చేసి వండటం కష్టమని కొన్ని బేకరీలు కావాలనే బ్రెడ్డులో నువ్వులు కలిపి లేబుల్ వేసేశాయి! నువ్వులు పడనివాళ్ళకి తినే బ్రెడ్డు కూడా పోయింది. నియమాలు పెట్టేవాళ్ళు ఇలాంటివి కూడా ఊహించాలి మరి.

మంగళగిరి మగ్గం

విడి బల్ల అంటే నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదమ్మా. పంక్తిభేదం మన ఊళ్ళలో ఏమిటో మా తాతలకి తెలుసు. ఎనిమిదేళ్ళ పిల్లని తీసుకెళ్ళి మూలన కూర్చోబెట్టి "నువ్విక్కడే తినాలి" అంటే మిగతా పిల్లలు కారణం అడగరు, పేరు పెడతారు. బాక్సులు మార్చుకుని తినడం బడిలో సగం స్నేహం. ఆ పిల్లకి అది లేకుండా చేసి ప్రాణం కాపాడాం అంటే ఏం చెప్పను.

ఫ్రిస్కో అమ్మ

మీ బాధ అర్థమైంది అన్నయ్యా. ఇక్కడ బల్ల పిల్లకి కాదు, తిండికి. పడని పదార్థం బాక్సులో లేనివాళ్ళెవరైనా ఆ బల్ల దగ్గర కూర్చోవచ్చు. మా వాడి స్నేహితులు నలుగురు వాళ్ళ అమ్మలతో పోట్లాడి జీడిపప్పు లేని బాక్సు తెచ్చుకుంటారు. కానీ పెద్దవాళ్ళు పట్టించుకోని బడిలో మీరన్నట్టే జరుగుతుంది. ఏడిపించడానికి కావాలని జీడిపప్పు ముఖం ముందు ఆడించేవాళ్ళని చూశాను.

బడిపంతులు, ప్రకాశం జిల్లా

మీరంతా బాక్సుల గొడవలో ఉన్నారు. మా సర్కారు బడి సంగతి వినండి. మధ్యాహ్న భోజనంతో పాటు వారంలో 3 రోజులు వేరుశనగ చిక్కీ, 3 రోజులు రాగిజావ, 5 రోజులు కోడిగుడ్డు. పథకం పేరు గోరుముద్ద అయినా డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టినా చిక్కీ చిక్కీయే. మా పిల్లల్లో కొంతమంది పొద్దున ఏమీ తినకుండా వస్తారు. వాళ్ళకి ఆ చిక్కీ, ఆ గుడ్డే బలం. "నిషేధం" అనే మాట ఎవరైనా ఇక్కడ తెస్తే ముందు నేనే అడ్డం పడతాను. ప్రైవేటు బడిలో చట్నీ మారుతుంది. మా దగ్గర నోటి ముందు కూడు పోతుంది.

అలాగని పడని పిల్లని గాలికొదిలేశామా? మా నాలుగో తరగతిలో ఒకడికి గుడ్డు పడదు. వాడికి అరటిపండు ఇస్తాం. వంట ఆయమ్మకి చెప్పాం, గుడ్లు ఒలిచిన చేత్తో వాడికి వడ్డించొద్దని. పులిహోర రోజున ఒకే గరిటె అన్నింట్లోనూ తిప్పకుండా చూస్తాం. ఆవిడకి ఒక్కసారి చెప్తే చాలు, నాకంటే బాగా గుర్తుంచుకుంటుంది. కానీ ఆ పిల్లాడికి నిజంగా ఊపిరాడకపోతే మాకున్నది 108. పీహెచ్‌సీ పక్క ఊళ్ళో ఉంది. డాక్టర్ గారూ, ఆ ఇంజెక్షన్ మేం ఇవ్వొచ్చా?

పిల్లల డాక్టర్, హన్మకొండ

మాస్టారూ, అసలు ప్రశ్న అడిగింది మీరే. ఎపిపెన్ లాంటి పెన్ను మన మామూలు మందుల షాపుల్లో దొరకదు, స్తోమత ఉన్నవాళ్ళు బయటి దేశాల నుంచి తెప్పించుకుంటున్నారు. అడ్రినలిన్ ఆంప్యూల్ మాత్రం చవక, ప్రతి పీహెచ్‌సీలోనూ ఉండాల్సిన మందు. మోతాదు బరువును బట్టి. కిలోకి 0.01 మిల్లీగ్రాము, 20 కిలోల పిల్లకి 0.2 మిల్లీగ్రాము, అంటే మి.లీ.కి 1 మిల్లీగ్రాము ఉండే ఆంప్యూల్‌లోంచి 0.2 మి.లీ. తొడ బయటివైపు మధ్యలో కండలోకి ఇవ్వాలి. కానీ కంగారులో ఆంప్యూల్ పగలగొట్టి, సిరంజిలోకి లాగి, గీత చూసి ఇవ్వడం నేర్పించకుండా టీచర్‌తో చేయించే పని కాదు. ఆ బిడ్డని చూసే డాక్టరే మోతాదు కాగితం మీద రాసిచ్చి, తల్లిదండ్రులకీ బడిలో ఇద్దరికీ చేయించి చూపించాలి. పిల్లని పడుకోబెట్టి కాళ్ళు కాస్త ఎత్తులో పెట్టాలి. ఊపిరాడకపోతే కూర్చోనివ్వాలి, లేపి నడిపించకూడదు. తగ్గకపోతే 5 నిమిషాలకి రెండో మోతాదు. తగ్గినా ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిందే, కొన్ని గంటల తర్వాత మళ్ళీ రావచ్చు.

కొత్తపేట వకీలు

టీచర్ ఇస్తే రేపు ఎవరు సమాధానం చెప్తారు అన్నదే బడుల భయం. రోడ్డు ప్రమాదంలో సాయం చేసినవాళ్ళకి మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ రక్షణ ఉంది. తరగతి గదిలో సూది వేసిన టీచర్‌కి అలాంటి ప్రత్యేక రక్షణ లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో చెప్పిన 21 రకాల వైకల్యాల్లో తిండి ఎలర్జీ లేదు. కాబట్టి ఫ్రిస్కో గారి 504 లాంటిది ఇక్కడ చూపించి అడగలేం. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి, డాక్టర్ సంతకంతో ఉన్న కాగితం, ఇవి రెండూ ఉంటే టీచర్‌కి ధైర్యం వస్తుంది. ప్యాకెట్ల సంగతి కూడా చెప్తాను. మన ఆహార భద్రతా సంస్థ 2020 లేబుల్ నిబంధనల్లో వేరుశనగ, గుడ్డు, పాలు, సోయా వగైరా ఉన్నాయి, నువ్వులు లేవు. నువ్వులు పడని పిల్లలుంటే చిన్న అక్షరాల దినుసుల పట్టీ మొత్తం చదవాల్సిందే.

నాచారం అమ్మ

ఉప్పల్ అన్నయ్య గారూ, మీ బడిలో ఉన్న పాప మా పాప కాదు, కానీ మా పెద్దాడికి అదే సమస్య. అందుకే రాస్తున్నాను. ఇంటి దగ్గర చదివించుకోమన్నవాళ్ళకి జవాబు చెప్పే ఓపిక లేదు.

నేను కూడా నిషేధం అడగలేదు. ఎల్‌కేజీలో మాత్రం అడిగాను. ఆ వయసులో పిల్లలు పక్కవాళ్ళ చేతిలోంచి తినేస్తారు, మూతులూ చేతులూ తుడుచుకోరు, గొంతులో ఏదో అవుతోందని చెప్పలేరు. ఆ ఒక్క గదిలో పల్లీలు వద్దంటే సబబు. మూడో తరగతికి వచ్చేసరికి మా వాడు "నాకు పడదు" అని గట్టిగా చెప్పడం నేర్చుకున్నాడు, వాడి పక్కన కూర్చునేవాడు నేర్చుకున్నాడు. అప్పుడు నాకు కావాల్సింది అన్నం తిన్నాక చేతులు సబ్బుతో కడగడం, ముందు చెప్పకుండా తరగతిలో ఏదీ పంచకపోవడం, మందు ఎక్కడుందో కనీసం ఇద్దరు పెద్దవాళ్ళకి తెలియడం. వినాయక చవితి ప్రసాదాలు, పిక్నిక్కులు, కొత్తగా వచ్చే టీచర్, ప్రమాదం అక్కడే పొంచి ఉంటుంది. మీ పల్లీపొడి అన్నం మీ వాడిని తిననివ్వండి, చేతులు కడుక్కోమని చెప్పండి. చాలు.

బెజవాడ బుల్లోడు

సరే, చేతులు కడగడం వరకూ నాకూ అభ్యంతరం లేదు. కానీ సూదులు వెయ్యడం టీచర్ల పని కాదు. నర్సుని పెట్టుకోమనండి, ఫీజులు అంతంత వసూలు చేస్తున్నారుగా.

ఉప్పల్ నాన్న

శనివారం పేరెంట్స్ మీటింగులో బాక్సుల సంగతి పక్కనబెట్టి మందు గురించి అడిగాను. ఉందన్నారు, పాప వాళ్ళ నాన్నే పెన్ను తెప్పించి ఇచ్చారట. ఎక్కడుందంటే ప్రిన్సిపాల్ గదిలో బీరువాలో. తాళం ఆవిడ దగ్గర. మూడో తరగతి రెండో అంతస్తులో.

నాచారం అమ్మ

తాళంలో ఉండకూడదండి. పిల్లలకి అందనంత ఎత్తులో తరగతిలోనే ఒక సంచి తగిలించమనండి. పాప ఎక్కడికి వెళ్తే ఆ సంచి అక్కడికి వెళ్ళాలి, ఆటల పీరియడ్‌కి కూడా. పీఈటీ సారుకి చెప్పారా అని అడగండి.

పిల్లల డాక్టర్, హన్మకొండ

ఎండలో, కారులో పెట్టొద్దు. ఫ్రిజ్‌లో కూడా వద్దు. దాని మీద గడువు తేదీ చూడమనండి. ఇలా తెప్పించినవి చేతికొచ్చేసరికే చాలాసార్లు ఏడాది లోపు గడువే మిగిలి ఉంటుంది.