టెక్సాస్‌లో స్టార్ పరీక్ష పోయి మూడు చిన్న పరీక్షలు వస్తే పిల్లలకు భారం తగ్గుతుందా?

ప్రశ్న:
మా అబ్బాయి ఇక్కడి పబ్లిక్ స్కూల్లో మూడో తరగతి చదువుతున్నాడు, ఈ వసంతంలోనే మొదటిసారి స్టార్ అనే రాష్ట్ర పరీక్ష రాయబోతున్నాడు. 2025లో ఆమోదం పొందిన హౌస్ బిల్ 8 అనే రాష్ట్ర చట్టం ప్రకారం 2027-28 నుంచి దీని స్థానంలో ఏడాది మొదట, మధ్యలో, చివర ఒక్కొక్కటి చొప్పున మూడు చిన్న పరీక్షలు పెడతారట. ఏడాదికోసారి పడే బెంగ ఇక మూడుసార్లు పడాలా? పైగా ఐదో తరగతిలో పరీక్ష తప్పితే పై తరగతికి పంపరని ఒకరన్నారు. తెలిసినవారు చెప్పగలరు.

మొదటి జవాబు:
ఐదు, ఎనిమిది తరగతులకు ఉండిన ఆ నిబంధనను 2021లోనే ఎత్తివేశారండి. తప్పిన పిల్లలకు ఇప్పుడు అదనపు బోధన ఇస్తారు. హైస్కూలు సంగతి వేరు. అక్కడ కోర్సు చివరి పరీక్షలకూ పట్టాకూ ముడి ఉంది. ఇక పరీక్షే లేకుండా చేయడం రాష్ట్రం చేతిలో లేదు. మూడు నుంచి ఎనిమిది వరకు ప్రతి తరగతిలోనూ చదవడంలో, గణితంలో పరీక్ష పెట్టాలని 2015 నాటి ఫెడరల్ చట్టమే చెబుతోంది. మాసచూసెట్స్‌లో 2024 నవంబరులో ఓటర్లు హైస్కూలు పట్టాకు ఎంకాస్ అనే అక్కడి రాష్ట్ర పరీక్ష అవసరం లేదని తీర్పిచ్చినా, ఆ పరీక్ష మాత్రం నేటికీ జరుగుతూనే ఉంది.

రెండో జవాబు:
నేను ఇక్కడే నాలుగో తరగతికి పాఠాలు చెబుతాను. పరీక్ష ముందురోజు గోడల మీది భిన్నాల పటాలను, వ్యాకరణ పట్టికలను కాగితాలతో కప్పేస్తాం. రంగురంగుల గది ఒక్కసారిగా ఆసుపత్రి గదిలా మారిపోతుంది. అయినా పిల్లలను నిజంగా అలసగొట్టేది ఆ ఒక్క రోజు కాదు, దానికి ముందు నెలల తరబడి స్కూల్ జిల్లాలు (స్థానికంగా బడులను నడిపే సంస్థలు) పెట్టే నమూనా పరీక్షలు. కొత్త చట్టం వాటికి అడ్డుకట్ట వేస్తోంది కనుక, జిల్లాలు వాటిని వేరే పేరుతో తిరిగి తేకపోతే (తెస్తాయనే నా అనుమానం), మూడు పరీక్షలు కలిపినా ఇప్పటికన్నా తక్కువ సమయమే పట్టవచ్చు. మీవాడికి ఇప్పుడు కావలసింది టైపింగు అలవాటు. మూడో తరగతిలోనూ వ్యాసాన్ని కంప్యూటరులోనే రాయాలి, దాన్ని దిద్దేది కూడా చాలావరకు కంప్యూటరే. చెప్పవలసింది మనసులో ఉండి కూడా, అక్షరం కోసం కీబోర్డంతా వెతుక్కుంటూ రెండు వాక్యాలతో ఆపేసిన పిల్లలను నేను చూశాను.

మూడో జవాబు:
ఫ్లోరిడాలో 2022-23 నుంచే ఏడాదికి మూడుసార్లు పరీక్ష పెడుతున్నారు, కాని బడికి గ్రేడు ఇచ్చేటప్పుడు చూసేది చివరిదాన్నే. అందువల్ల మొదటి రెండింటికి మీరు బెంగపడనక్కరలేదని నా అభిప్రాయం. ఫలితం వచ్చాక ఒక్క మాట గుర్తుంచుకోండి: "అప్రోచెస్" అనే స్థాయి వస్తే పాసైనట్టే గాని, తరగతి స్థాయిని అందుకున్నట్టు చెప్పేది "మీట్స్" అనే మాట. మా అమ్మాయి విషయంలో ఈ తేడా తెలియక ఒక ఏడాది నిశ్చింతగా ఉండిపోయాం. ప్రస్తుతం ఫలితాలు జూన్‌లో, బడులు మూసేశాక వస్తున్నాయి కాబట్టి, అది చూసి టీచరును అడుగుదామన్నా మాకు ఆమె అందుబాటులో లేరు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలండి. ఈ వారం నుంచే టైపింగు మొదలుపెడతాం.