టాపెట్ 0.08 పెట్టినా సౌండ్ పోవట్లేదు, ఇంకా బిగించాలా?

గోపాలపట్నం_100సీసీ:
బండి 100 సీసీ, పడుకున్న సిలిండర్, రెండు వాల్వ్‌లు, స్క్రూ టాపెట్లు (వాల్వ్‌కీ, దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య గ్యాప్ సెట్ చేసే స్క్రూలు). బుక్‌లో ఆ గ్యాప్ ఇన్‌లెట్‌కీ ఎగ్జాస్ట్‌కీ 0.08 మి.మీ. అని ఉంది. ఎడమ వైపు మూతలు తీసి, టీ గీత (పిస్టన్ పైకొసకి వచ్చిందని మ్యాగ్నెట్ మీద చూపే గుర్తు) కలిపి, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్న రేకులు) అంతే పెట్టాను. ఐడ్లింగ్‌లో టిక్ టిక్ అలాగే ఉంది. దగ్గర్లోని మెకానిక్ ఏమో సౌండ్ పోయేదాకా బిగించెయ్, బండి మెత్తగా ఉంటుంది అంటున్నాడు. బిగించొచ్చా? ఇంకో మాట, ఈ ఎండల్లో ఇంజన్ చల్లబడాలంటే ఎంతసేపు ఆగాలి?

మర్రిపాలెం_స్పానర్:
బిగించొద్దు గురూ. అలా చెవితో సెట్ చేసిన బండ్లే ఎగ్జాస్ట్ వాల్వ్ కాలిపోయి హెడ్ పనికి వస్తుంటాయి. ఎగ్జాస్ట్ వాల్వ్‌కి ఎక్కిన వేడి చాలావరకు అది మూసుకుని సీటుకి (హెడ్‌లో అది ఆనే రింగు) ఆనుకున్నప్పుడే హెడ్‌లోకి దిగుతుంది. గ్యాప్ లేకపోతే వాల్వ్ పూర్తిగా ఆనదు. ఆ సందులోంచి మంట తన్నుతూ అంచుని తినేస్తుంది. సింహాచలం కొండకో, అనంతగిరి మీదుగా అరకుకో ఇద్దరు ఎక్కి రెండో గేరులో లాగిస్తే ఇంజన్‌కి గాలి తక్కువ, వేడి ఎక్కువ. దెబ్బ అక్కడే తగులుతుంది. పైగా వాడేకొద్దీ వాల్వ్ సీటులోకి దిగుతూ ఉంటుంది కాబట్టి గ్యాప్ దానంతటదే తగ్గుతుంది. సౌండ్ తగ్గిందని సంబరపడే బండినే ముందు చూడాలి.

మీ కేసులో నా అనుమానం ఆ టీ గీత మీదే. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే, వాల్వ్‌లు తెరిచే క్యామ్ ఒక్క చుట్టు. అంటే టీ గీత రెండుసార్లు కలుస్తుంది, అందులో ఒకటే మనకి కావాల్సింది. రెండోది ఎగ్జాస్ట్ మూసుకుంటూ ఇన్‌లెట్ తెరుచుకునే చోటు. అక్కడ రాకర్లు రెండూ వాల్వ్‌ని కాస్త నొక్కే ఉంటాయి. ఆ స్థితిలో స్క్రూ వదులు చేసి 0.08 తెచ్చారనుకోండి, అసలు చోట గ్యాప్ ఇంకా పెద్దది అవుతుంది. టిక్ టిక్ రాక ఏమవుతుంది మరి.

ప్లగ్ ముందే తీసేయండి. లేకపోతే క్రాంక్ చివరి మ్యాగ్నెట్ నట్ పట్టుకుని ఎడమకి తిప్పేటప్పుడు కంప్రెషన్ అడ్డుపడి నట్టే వదులవ్వొచ్చు. ఎడమ వైపు నుంచి చూస్తూ గడియారానికి ఎదురు దిశలో నెమ్మదిగా తిప్పుతూ ఇన్‌లెట్ రాకర్ మీదే కన్ను పెట్టండి. అది కిందికి నొక్కి, మళ్ళీ పైకి వచ్చేశాక కలిసే మొదటి టీ గీతే మీది. దాని ముందు ఎఫ్ గీత వస్తుంది, అది ప్లగ్ టైమింగుది, అక్కడ ఆగొద్దు. ఇప్పుడు రెండు రాకర్లనీ వేలితో కదిపితే సన్నగా ఆడాలి. ఆడకపోతే ఇంకో పూర్తి చుట్టు తిప్పి మళ్ళీ చూడండి. అప్పుడూ ఒకటి ఆడకపోతే ఆ టాపెట్ ఇప్పటికే టైటుగా ఉన్నట్టు.

చల్లదనం సంగతి: హోండా సర్వీస్ పుస్తకాల్లో 35 డిగ్రీల లోపు అని ఉంటుంది. మే నెలలో మన దగ్గర మధ్యాహ్నం నీడలో నిలబెట్టిన బండే ఆ అంకెకి అటూ ఇటూ ఉంటుంది. అందుకని గంటలు లెక్కపెట్టే పనే వద్దు. రాత్రి పెట్టిన బండిని పొద్దున్నే, స్టార్ట్ చేయకుండా, ఎండ పడకముందే పట్టుకోండి.

ఇసుకతోట_గేజ్:
పై మాటలన్నీ కరెక్ట్. గేజ్ పట్టే పద్ధతి కూడా చెప్పాలి. 0.08 రేకు సన్నగా పట్టుకుంటూ జారాలి, 0.10 దూరకూడదు. రెండూ చూస్తేనే కొలత. 0.08 ఒక్కటే దూర్చి చూస్తే 0.12 ఉన్నా దూరుతుంది కదా.

తప్పు ఎక్కువగా లాక్ నట్ దగ్గరే జరుగుతుంది. నట్ బిగిస్తుంటే స్క్రూ కూడా దాంతో తిరిగి గ్యాప్ తగ్గిపోతుంది. స్క్రూ తలని టాపెట్ కీతో కదలకుండా పట్టి, రేకు లోపలే ఉంచి నట్ బిగించండి. బిగించాక మళ్ళీ కొలవండి. సన్న నట్ అది, బలం చూపిస్తే మర పోతుంది. ఆ తర్వాత క్రాంక్ రెండు చుట్లు తిప్పి అదే టీ గీత దగ్గర మరోసారి.

గోపాలపట్నం_100సీసీ:
మొన్న పెట్టింది అడిగి తెచ్చుకున్న గేజ్‌తో. నా సెట్‌లో 0.05, 0.10 ఉన్నాయి, 0.08 రేకు విడిగా లేదు. 0.03 ఉంది.

ఇసుకతోట_గేజ్:
0.05, 0.03 కలిపి దూర్చండి, సరిపోతుంది. రెండు రేకులూ శుభ్రంగా తుడవాలి, మధ్యలో ఇసుక రేణువు ఉన్నా కొలత పోయినట్టే. అంగుళాల సెట్ అయితే 0.003 రేకు అంటే 0.076 మి.మీ., దాంతోనూ పని అవుతుంది.

పెదవాల్తేరు_రాకర్:
సరైన చోట సరిగ్గా పెట్టినా సౌండ్ ఉంటే స్క్రూ మొన బయటికి తీసి చూడండి. వాడకం మీద మొనగానీ, వాల్వ్ తలగానీ గుంటపడుతుంది. గేజ్ రేకు చదునుగా ఉంటుంది కాబట్టి గుంటలోకి దిగదు, అంచుల మీద ఆనుకుని 0.08 చూపిస్తుంది. అసలు గ్యాప్ గుంట లోతంత ఎక్కువ. గుంట మొన మీద అయితే స్క్రూ, నట్ కొత్తవి వేస్తే పోతుంది. గాజువాక ఆటోనగర్‌లో దొరుకుతాయి, పాత స్క్రూ చేతిలో పట్టుకెళ్ళి మర పోల్చుకోండి.

టాపెట్ అయితే తీరుగా టిక్ టిక్ అంటుంది, రెండు చుట్లకి ఒకసారి. గరగరమంటూ, ఆక్సిలరేటర్ వదిలినప్పుడు పెరిగితే అది క్యామ్‌ని తిప్పే టైమింగ్ చైన్. టాపెట్ ఎంత తిప్పినా అది పోదు.

మూతలు పెట్టేముందు ఓ-రింగులు (నూనె కారకుండా ఆపే రబ్బరు చుట్లు) చూడండి. సముద్రం గాలికి అల్యూమినియం మూతలు తెల్ల పొడి పట్టి బిగుసుకుపోతాయి. స్పానర్ సరిగ్గా కూర్చోకుండా తిప్పితే మూలలు అరిగి, తీయడానికి ఉలి, సుత్తి ఎత్తాల్సి వస్తుంది. పెట్టేటప్పుడు మరకి కొంచెం నూనె రాసి చేతితోనే మొదలుపెట్టండి. చివర్లో ఐడ్లింగ్ స్క్రూ మళ్ళీ సరిచేసుకోండి, గ్యాప్ మారితే ఐడ్లింగూ మారుతుంది.

ఎన్ఏడీ_బుల్లెట్:
మధ్యలో ఒక ముక్క. ఇది చదివి యూసీఈ, పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్ల వాళ్ళు గేజ్ పట్టుకుని బయల్దేరకండి. యూసీఈ ఇంజన్‌లో (2023కి ముందు బుల్లెట్‌లలో వచ్చింది) హైడ్రాలిక్ లిఫ్టర్లు, నూనె ఒత్తిడితో గ్యాప్ అవే సరిచేసుకుంటాయి, సెట్ చేయడానికి ఏమీ ఉండదు. పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్‌కి గేజే అక్కర్లేదు: ఇంజన్ చల్లగా, కంప్రెషన్ మీద పెట్టి, పుష్‌రాడ్‌ని (రాకర్‌ని నెట్టే కడ్డీ) వేళ్ళతో తిప్పితే సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. డ్యూక్ 390 లాంటి వాటిలో స్క్రూ ఉండదు, షిమ్ (మందం కొలిచి వేసే చిన్న బిళ్ళ) మార్చాలి. మైక్రోమీటర్ లేకుండా దాని జోలికి పోవద్దు.