ప్లైవుడ్ అలమారాలో అరల గాడి: రూటర్ మేలా, డాడో బ్లేడ్ మేలా?

కొత్త రంపం: పుస్తకాల అలమారా చేస్తున్నాను. 18 ఎంఎం ప్లై, రూటర్‌కి (తిరిగే బిట్‌తో గాడి తీసే చేతి యంత్రం) 18 ఎంఎం బిట్. పక్క పలకలో గాడి తీస్తే అర వదులుగా ఆడుతోంది. టేబుల్ సాకి (బల్ల రంపం) డాడో బ్లేడ్ సెట్ (వెడల్పు గాడిని ఒకేసారి కోసే బ్లేడ్లు) కొంటే ఈ బాధ తప్పుతుందా?

డల్లాస్ గరాజ్: తప్పుతుంది. బయట రెండు బ్లేడ్లు, మధ్యలో చిప్పర్లు (నడిమి కర్రను చెక్కే బ్లేడ్లు), సన్నని షిమ్‌లు (వెడల్పు సర్దే పలుచని రేకులు). ఎన్ని పెడితే అంత వెడల్పు. ఫెన్స్ (పలక ఆనించే పట్టీ) కదపకుండా రెండు పక్క పలకలూ కోస్తే అరలు ఎదురెదురుగా ఒకే ఎత్తులో వస్తాయి. అరలు ఎక్కువైతే రూటర్‌తో పని తెమలదు.

గోదావరి కర్రపని: అమెరికాలో సరే అన్నా. ఇక్కడ దొరికే చిన్న టేబుల్ సాల్లో చాలావాటికి బ్లేడ్ బిగించే ఇరుసు పొట్టి, డాడో సెట్ పట్టదు. పట్టినా గార్డు, రైవింగ్ నైఫ్ (కర్ర వెనక్కి తన్నకుండా బ్లేడ్ వెనక ఉండే రేకు) తీసెయ్యాలి. ఏడడుగుల పలకను అలాంటి బల్ల మీద అడ్డంగా తోయమని కొత్తవాళ్లకి నేను చచ్చినా చెప్పను.

అసలు తిరకాసు కొలతలో ఉంది. 18 అని అమ్మే ప్లైకి కాలిపర్ (మందం కచ్చితంగా కొలిచే సాధనం) పెడితే తరచూ 17 దాటి ఎక్కడో ఆగుతుంది, షీటుకీ షీటుకీ తేడా కూడా. టేపు పక్కన పెట్టి, అర ముక్కనే కొలతగా వాడండి. మూలమట్టం చూసి ఒక పట్టీని క్లాంపు చేయండి. దానికి అర ముక్కను నిలువుగా ఆనించి, రెండో పట్టీని ముక్కకు తగిలేలా బిగించండి. ముక్క తీసేస్తే మిగిలిన సందే గాడి వెడల్పు. పైన బేరింగ్ (పట్టీకి ఆని దొర్లే చక్రం) ఉన్న 12 ఎంఎం బిట్‌తో ఎడమ పట్టీ వెంబడి ముందుకి, కుడి పట్టీ వెంబడి వెనక్కి రండి. అలా నడిపితే బిట్ తనంతట తానే పట్టీకి ఒత్తుకుంటుంది. లోతు 6 ఎంఎం చాలు, రెండు విడతల్లో. మొదటి విడతలోనే బేరింగ్‌కి అందేంత మందం పట్టీలకు ఉండాలి.

డల్లాస్ గరాజ్: ప్రతి గాడికీ క్లాంపులు విప్పి బిగించాలి కదా. ఒక్కటి కదిలినా అర వాలుతుంది.

గోదావరి కర్రపని: రెండు పక్క పలకలూ ఆనించి పెట్టి ఒకేసారి కోస్తే వాలదు. పైగా ప్లై కాస్త వంగి ఉంటే, టేబుల్ సా మీద లేచిన చోట గాడి లోతు తగ్గిపోతుంది. రూటర్ పలక మీదే నడుస్తుంది కాబట్టి వంపుతో పాటు పోతుంది.

ఉలి పట్టినవాడు: ఇద్దరికీ ఒక మాట. మరీ బిగుతు వద్దు. ఫెవికాల్‌లోని నీటికి ప్లై ఉబ్బుతుంది. పొడిగా ఉన్నప్పుడే సుత్తి వేసి దించాల్సి వస్తే, జిగురు రాశాక అర సగంలో ఇరుక్కుంటుంది. అరచేత్తో నొక్కితే దిగాలి. సందు పెట్టేటప్పుడు అర ముక్క పక్కన ఒక కాగితం కలపండి. గాడి గీతలు ముందే పదునైన కత్తితో కోస్తే పై పొర చిట్లదు.

కొత్త రంపం: కాలిపర్ పెట్టాను, 17.4. అరలకి రెండు వైపులా మైకా వేస్తాను. అంటించాక కొలవాలా?

గోదావరి కర్రపని: ఉత్త ప్లైనే కొలవండి. మైకా ముఖానికి ఫెవికాల్ పట్టదు. అర చివర 6 ఎంఎం మైకా లేకుండా వదిలెయ్యండి, గాడిలోకి కర్రే దిగాలి.